ఖాళీ గీత మీద పెన్సిలు రాత

ఈ సంగతి రాయాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. కాగితం ముందు పెట్టుకున్న ప్రతిసారీ మడిచి పక్కన పెట్టేశాను. కారణం ఒకటే. ఇది చదివితే మనసు విరిగిపోయే మనిషి ఒకరు కొండాపురంలో ఉండేవారు. ఆమెకు తెలుగు చదవడం బాగా వచ్చు. ఇప్పుడు ఆమె లేరు. నలభయ్యో రోజు ఫాతెహా కూడా జరిగిపోయింది. ఆ పుస్తకంలో ఆ పేజీని కళ్లతో చూసినవాళ్లం ఇద్దరమే. ఆమె తర్వాత మిగిలింది నేను. నాకూ కంటిలో పొర వస్తున్నదని డాక్టరు చెప్పాడు. అక్షరం కనిపిస్తున్నప్పుడే రాసిపెట్టకపోతే, జరిగినదంతా జరగనట్టే అయిపోతుంది.

నేను పదో తరగతి వరకే బడికి పోయాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయాల్లోనే. మొదట ఉదయగిరి శాఖా గ్రంథాలయం, పెళ్లయ్యాక ఆత్మకూరుది. బీరువాల్లో పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివిన మనిషిని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

మొన్న మా మనవరాలు వరండాలో కూర్చుని ఫోన్‌లో ఇంగ్లీషు పాఠం వింటున్నది. ఎవరో అమ్మాయి ఇంగ్లీషు జాతీయాలకు హిందీలో అర్థాలు చెప్తున్నది. “వైల్డ్ గూస్ చేస్. మత్‌లబ్, బేకార్ కీ ఖోజ్.” లోపల చింతపండు పిసుకుతున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది. “లేని దానికోసం తిరగడం,” అన్నాను గట్టిగా.

మనవరాలు లోపలికి వచ్చింది. “అవ్వా, నీకు హిందీ తెలుసా?”

“ఆ మాటలు తెలుసు.”

“ఎవరు నేర్పినారు?”

చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లిపోయాను. ఎండలో నిలబడితే ముక్కుకు తడి చెక్క వాసన కొట్టింది. మా ఇంటి చుట్టుపక్కల చెక్క పని చేసేవాళ్లెవరూ లేరు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాయన ఆత్మకూరు బస్సు డిపోలో మెకానిక్కు. వారానికోసారి ఒంటినిండా గ్రీజు వాసనతో, జేబులో వేయించిన బఠాణీలతో వచ్చేవాడు. అవ్వ, అమ్మ, నేను ఉదయగిరిలో కొండ కింద ఒక సందులో ఉండేవాళ్లం. ఆ సందులో సగం ఇళ్లవాళ్లు చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్లు. పొద్దున లేచింది మొదలు చెక్క అరగదీసే ఆకురాయి చప్పుడే. ఒక్కో చెక్కది ఒక్కో వాసన. కళ్లు మూసుకుని నడిచినా ఎవరి గడప ముందున్నానో చెప్పగలిగేదాన్ని. చెంచాలు రెండు పట్టుకుని రేకు డబ్బా వాయిస్తూ తిరిగితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. విరిగితే మాత్రం చెవి మెలిపడేది.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ సందు చచ్చినట్టు ఉండేది. కొండ బండలు వేడెక్కి, ఆ వేడి ఊరి మీదకు దిగేది. ఆకురాళ్లు కూడా ఆగిపోయేవి. అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వినిపించేది. గొడ్డలితో కొడుతున్నట్టు, ఆగి ఆగి.

“విన్నావా,” అనేది అవ్వ, చేటలో రాళ్లు ఏరుతూ.

“కొండ మీద ఎవరన్నా కట్టెలు కొట్టుకుంటా ఉంటారు అవ్వా.”

“ఈ ఎండలో కొండెక్కేది ఎవురు? ఆ దిక్కు చూడబాక. గమ్మున పని చూసుకో.”

బండలకు చప్పుడు తగిలి ఆలస్యంగా తిరిగి వస్తుందని తర్వాత ఒక విజ్ఞాన శాస్త్రం పుస్తకంలో చదివాను. కింద ఎవరూ ఏమీ కొట్టని వేళ అది ఎక్కడినుంచి తిరిగి వస్తుందో ఆ పుస్తకంలో లేదు.

మా పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. ఊరంతా ఆమెను నానీమా అనేది. ఇంట్లో ఆమె, ఆమె కోడలు, ఇద్దరే. కోడలిని నేను భాభీ అనేదాన్ని. నానీమాకు ఒక్కడే కొడుకు. పెళ్లయిన ఏడాదికి, చెంచాల చెక్క కోసం ఇంకో ఇద్దరితో కలిసి కొండెక్కాడు. ఆ ఇద్దరూ మోపులతో దిగి వచ్చారు. అతను రాలేదు. నీళ్లు తాగి వస్తానని బండల మధ్య నీళ్లు నిలిచే దోన దగ్గరికి వెళ్లాడట. ఊరు ఊరంతా వారం రోజులు వెతికింది. గొడ్డలి దొరకలేదు, చెప్పులు దొరకలేదు, మనిషి దొరకలేదు. మేము ఆ సందులోకి వచ్చేనాటికే ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. నేను అతన్ని చూడలేదు.

నానీమా ఏడ్చేది కాదు. తలుపు మూసేదీ కాదు. కొడుకు పోయినట్టే అనుకుని ఫాతెహా చేయించమని మసీదు పెద్దలు చెప్పి చెప్పి విసిగిపోయారు.

నేను ఆమె ఇంట్లోకి వెళ్లడం మొదలుపెట్టింది ఒక పుస్తకం వల్ల. గ్రంథాలయంలో కింది అరలో, చెదలు తగిలిన అట్టతో, ఇంగ్లీషు జాతీయాల పుస్తకం ఒకటి కనిపించింది. హిందీవాళ్ల కోసం వేసింది. ఎక్కడినుంచో కట్టల్లో వచ్చిపడిన పుస్తకాల్లో అదొకటి. ఇంగ్లీషంటే నాకు పిచ్చి. తెలుగులో అలాంటిది దొరకలేదు. వెనక చీటీ మీద ఒకే ఒక్క ముద్ర ఉంది, సిరా అలుక్కుపోయి.

లైబ్రరీ సారు మొహం మీది పేపరు తీసి చూశాడు. “అది హిందీ పుస్తకం పాపా. నీకేం అర్థమవుతాది?”

“ఇంగ్లీషు కూడా ఉండాది గదా సార్.”

“సరే ఎత్తుకుపో. నువ్వు కాకపోతే దాన్ని అడిగేది ఎవురు?”

ఇంటికి వచ్చాక తెలిసింది చిక్కు. బళ్లో హిందీ అయ్యవారు అక్షరాలు నేర్పాడు గానీ అర్థాలు నేర్పలేదు. గడగడా చదవగలను, ఒక్క ముక్క తెలియదు. నానీమాకు ఉర్దూ మాట వచ్చు, హిందీ అక్షరం రాదు. అవ్వ చింతకాయ తొక్కు ఇచ్చి రమ్మన్న రోజున ఆ పుస్తకం కూడా పట్టుకుని వెళ్లాను. అలా కుదిరింది మా ఏర్పాటు. నేను ఇంగ్లీషు చదివి, కింద హిందీ అర్థం పైకి చదివేదాన్ని. ఆమె చెంచాను కాలి వేళ్ల మధ్య ఇరికించుకుని గీరుతూ విని, తెలుగులో చెప్పేది.

“ఆంఖేఁ ఖుల్‌నా,” అని చదివితే, “కళ్లు తెరుచుకోడం. బుద్ధి రావడం అన్నమాట. నీకు ఎప్పుడొస్తాదో,” అనేది.

జాతీయమంటే విడివిడి మాటల అర్థం ఒకటి, మొత్తం కలిపితే అర్థం ఇంకొకటి. ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయంటాం, కళ్లకు కాయలు కాస్తాయా? ఇది నానీమాకు చెప్పాను. ఆమె గీరడం ఆపి, “కాస్తాయి,” అన్నది.

ఆ పుస్తకంలో ప్రతి జాతీయం కింద ఒక చుక్కల గీత ఉండేది, సొంతవాక్యం రాయడానికి. నాకంటే ముందు ఎవరో ఆ గీతల మీద పెన్సిలుతో రాశారు. హిందీ అక్షరాలే. మొదటి రెండు రోజులు నేను వాటిని పట్టించుకోలేదు. మూడో రోజు, ‘యాపిల్ ఆఫ్ వన్స్ ఐ’ దగ్గర, అర్థంతోపాటు పెన్సిలు వాక్యం కూడా చదివేశాను.

“అమ్మా కీ ఆంఖోఁ కా తారా మై నై, హమారా కాలా బక్రా.”

ఆకురాయి ఆగిపోయింది.

“మళ్లీ చదువు.”

మళ్లీ చదివాను.

“అది పుస్తకం మాట కాదు. మా సందు మాట,” అన్నది నానీమా. “మా అమ్మ కంటి వెలుగు నేను కాదు, మా నల్ల మేకపోతు అంటా ఉండాడు. ఆ బక్రా సంగతి ఈ పుస్తకానికి ఎట్టా తెలిసింది పిల్లా?”

పుస్తకం తీసుకుని, చదవలేని ఆ గీత మీద వేలు పెట్టి తడిమింది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నది. కుట్టు దగ్గర, కాగితాల మధ్య, సన్నటి చెక్క పొడి ఉంది.

భాభీ వంటింటి గడప దగ్గర నిలబడి విన్నది. అటునుంచే పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి మేం పుస్తకం తెరిస్తే ఆమె ఆ చుట్టుపక్కల ఉండేది కాదు.

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ‘ఎట్ ద ఎలెవెన్త్ అవర్’ అంటే ఆఖరి నిమిషంలో. దాని కింద నానీమా కొడుకు, నేనెప్పుడూ బస్సు కదిలేటప్పుడే ఎక్కుతానని రాశాడు. ‘బై హుక్ ఆర్ బై క్రుక్’ కింద, ఎట్టాగైనా సరే సముద్రం చూడాలని. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ కింద, “అమ్మా కభీ కభీచ్ హస్తీ,” అని. మా అమ్మ ఎప్పుడో గానీ నవ్వదు. ఆ రోజు నానీమా నవ్వింది. పళ్లు లేని నోరు పెద్దగా తెరిచి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నాకు సంతోషం వేయాలి. వేయలేదు. ఎందుకంటే ఆ నవ్వు ఆగాక ఆమె నావైపు చూడలేదు. నా పక్కన, చాప మీద ఖాళీగా ఉన్న చోటు చూసి, “చాల్లే వేషాలు,” అన్నది.

తర్వాత్తర్వాత ఆమె రెండు గ్లాసుల్లో మజ్జిగ పోసేది. ఒకటి నాకు. రెండోది అలాగే ఉండేది. ఒకసారి దొంగతనంగా నేనే తాగేశాను. ఖాళీ గ్లాసు చూసి ఆమె మొహంలో వచ్చిన వెలుగు చూశాక, చెప్పడానికి ధైర్యం రాలేదు.

పుస్తకం అక్షర క్రమంలో ఉంటుంది కదా. ఎస్ అక్షరంలో, ‘స్కెలిటన్ ఇన్ ద కప్‌బోర్డ్’ కింద, “హమారే ఘర్ మే అల్మారీచ్ నై,” అని రాశాడు. బీరువాలో అస్థిపంజరం అంటే ఇంట్లో దాచిన రహస్యం. మా ఇంట్లో అసలు బీరువానే లేదు అంటున్నాడు. దానికీ నవ్వుకున్నాం. పేజీ తిప్పాను. తర్వాతి గీత ఖాళీ. ఆ తర్వాతిదీ ఖాళీ. చివరిదాకా అంతే.

ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. ఒక్కో మాటే నేర్చుకున్న ఉర్దూతో నేనే వాక్యాలు అల్లి చదవడం మొదలుపెట్టాను. దాల్చా బాగుంది. ఎండ ఎక్కువగా ఉంది. చిన్న చిన్న మాటలు. ఆమెకు అనుమానం రాలేదు. నాకు అది ఆటలాగా ఉండేది.

ఆ రోజుల్లోనే అవ్వా అమ్మా మాట్లాడుకుంటుంటే విన్నాను.

“కొండాపురం సంబంధం అంట,” అన్నది అవ్వ. “భార్య పోయినాయన. బట్టల కొట్టు ఉండాదంట. ఆ పిల్ల మేనమామ తెచ్చినాడు.”

“పిల్ల ఏమన్నదంట?”

“సరేనన్నది. ఎన్నాళ్లని కూర్చుంటాది? పెద్దలు కూడా ఒప్పుకున్నారు. ముసలామె నోటినుంచి ఒక్క మాట వస్తే చాలంట. ఆమె పొమ్మనకుండా ఈ పిల్ల గడప దాటదంట.”

భాభీకి ఇష్టమేనని నాకు తెలుసు. తెలిసే చేశాను కాబట్టి ఇది దాచడంలో అర్థం లేదు. భాభీ నాకు సాయంత్రం పూట తల దువ్వి, రెండు జడలు వేసి, చెనిక్కాయలూ బెల్లమూ చేతిలో పెట్టేది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆమె వెళ్లిపోతే ఆ సందులో నాకు ఎవరూ లేరనిపించింది.

కొండాపురం వాళ్లు రావడానికి ముందురోజు మధ్యాహ్నం నానీమా పిలిచింది. చెంచా పట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. మా వరస అప్పటికి ‘టిల్ ద కౌస్ కమ్ హోమ్’ దగ్గరికి వచ్చింది. ఆవులు ఇంటికి వచ్చేదాకా, అంటే ఎంతకాలమో చెప్పలేనంత కాలం.

“ఆవులు సందేళకి వచ్చేస్తాయి గదే,” అన్నది. “అది ఎక్కువ సేపా? మా మేకపోతు అయితే రెండు రోజులు వచ్చేది కాదు.” నవ్వలేదు. “వాడి పెళ్లాం గురించి ఏం రాయలేదా? చూడు. బాగా చూడు.”

గీత ఖాళీగా ఉంది. మధ్యాహ్నపు వెలుగులో ఒక్కో చుక్కా స్పష్టంగా కనబడుతున్నది.

“రాసినాడు నానీమా,” అన్నాను. ఖాళీ గీత మీద వేలు పెట్టి, అక్షరం వెంట అక్షరం చదివినట్టు చదివాను. “మై ఆతూఁ. ఉసే నక్కో భేజ్.”

నేను వస్తాను. ఆమెను పంపొద్దు.

నానీమా చాప మీది ఖాళీ చోటు వైపు తిరిగింది. తర్వాత, “సరే నాయనా,” అన్నది. నాతో కాదు.

మరునాడు మధ్యాహ్నం భాభీ మేనమామ, కొండాపురం ఆయన వచ్చారు. వాళ్లకు నిమ్మకాయ షర్బత్ ఇచ్చారు. నేను గోడ పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. కొండాపురం ఆయన తల వంచుకుని, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అది నాకింకా కోపం తెప్పించింది.

“మీరు పోండి,” అన్నది నానీమా. “నా కొడుకు వస్తానన్నాడు.”

మేనమామ ఓపిగ్గా అడిగాడు. “ఎప్పుడన్నాడు ఆపా?”

“నిన్న.”

వాళ్లిద్దరూ లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

వాళ్లు సందు మలుపు తిరిగాక భాభీ బయటికి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకున్నది. “నిన్న ఎట్టా చెప్పినాడమ్మా?” అని అడిగింది.

“ఈ పిల్ల చదివింది.”

భాభీ గోడ దగ్గరున్న నావైపు తిరిగింది. అరవలేదు. “పుస్తకం తీసుకురా,” అన్నది.

పుస్తకం మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉంది. బావిలో పడేద్దామా అనిపించింది. ఆ గీత ఖాళీ. భాభీకి చూపించాలి. ఆమెకు చదువు రాదనే నేననుకున్నాను. కానీ ఆమె పుస్తకం తీసుకుని, హిందీ అక్షరాల మీద కళ్లు పరిగెత్తిస్తూ పేజీలు తిప్పింది. పుట్టింటి ఊరు అనుమసముద్రంపేటలో ఏడో తరగతి దాకా చదివిందని నాకు అప్పుడు తెలియదు.

‘టిల్ ద కౌస్ కమ్ హోమ్’ దగ్గర ఆగింది. నేను ఆమె మోచేతి పక్కనే ఉన్నాను.

గీత ఖాళీగా లేదు.

పెన్సిలు రాత ఉంది. మై ఆతూఁ. ఉసే నక్కో భేజ్. ఒక్క అక్షరం తేడా లేదు. నేను నిన్న గాలిలోంచి తీసి చదివిన మాటే. బళ్లో హిందీ అయ్యవారి బెత్తానికి భయపడి నేను ప్రతి మాట మీదా స్కేలు పెట్టి అడ్డగీత గీసేదాన్ని. నానీమా కొడుకు గీసేవాడు కాదు. పుస్తకమంతా అతని అక్షరాలు నెత్తిన గీత లేకుండా, విడివిడిగా, గుడ్డలు లేని పిల్లల్లాగా ఉండేవి. ఇక్కడా అంతే. కొత్తగా రాసినట్టు పెన్సిలు నలుపు మెరుస్తున్నది.

పైన కొండ మీద గొడ్డలి చప్పుడు ఒకటి, ఆగి ఇంకొకటి.

భాభీ పెదవులు కదిలాయి. లోపల చదువుకున్నది. మళ్లీ చదువుకున్నది. తర్వాత ఊపిరి పీల్చుకుని, పైకి చదివింది. “ఉసే జానే దే.”

ఆమెను పోనివ్వు.

నానీమా తలెత్తింది. “నిన్న ఈ పిల్ల వేరేగా చదివింది.”

“దీనికి హిందీ సరిగా రాదమ్మా. తప్పు చదివింది.” భాభీ నా కళ్లలోకి చూసింది. “అంతే గదా పిల్లా?”

“అవును,” అన్నాను. “తప్పు చదివినాను.”

నానీమా చెయ్యి చాచింది. పుస్తకం తీసుకుని, ఆ గీత మీద వేలు పెట్టి ఆ చివరినుంచి ఈ చివరికి తడిమింది. “అంతేనా రాసినాడు? నా గురించి ఏం లేదా?”

భాభీ మళ్లీ ఆ గీత వైపు చూసింది. “ఉండాదమ్మా. ఆకలేస్తే తిను, నా కోసం కూర్చోబాక అని రాసినాడు.”

ముసలామె పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. చాలాసేపు గడప అవతలికి చూసింది. “పరిగెత్తు పిల్లా,” అన్నది. “వాళ్ల బస్సు పోకముందే పిలుచుకురా.”

పరిగెత్తాను. చెప్పులు లేవు. రోడ్డు తారు మెత్తబడి కాళ్లకు అంటుకుంటున్నది. వెనక గొడ్డలి చప్పుడు నా అడుగుకో దెబ్బగా వినిపించింది. బస్టాండులో కొండాపురం బస్సు అప్పటికే కదులుతున్నది. కిటికీ దగ్గర కూర్చున్న మేనమామను చూసి, రేకు మీద రెండు చేతులతో బాదాను. “రమ్మన్నాది! నానీమా రమ్మన్నాది!” కండక్టరు తిట్టాడు. బస్సు ఆగింది. ఆగిన ఆ క్షణంలో చెవులు మూసినట్టు ఊరంతా నిశ్శబ్దమైంది. ఆ తర్వాత, మేం ఆ ఊళ్లో ఉన్నంతకాలం, కొండ మీద ఆ చప్పుడు నేను వినలేదు. అవ్వా వినలేదు. అడిగితే, “ఏం చప్పుడు?” అన్నది.

నెల తిరక్కముందే భాభీ నిఖా జరిగింది. ఆ రోజు ఏలకుల వాసన సందంతా నిండింది. వెళ్లేముందు నాకు రెండు జడలు వేసింది, కొంచెం గట్టిగా లాగి. తర్వాతి వారం నానీమా అనుమసముద్రంపేట దర్గాకు వెళ్లి కొడుకు పేరున ఫాతెహా చేయించింది. తిరిగి వచ్చి, అన్నం తిని, తలుపు మూసుకుని పడుకున్నది. ఆ తలుపు మూసి ఉండగా చూడటం అదే మొదటిసారి.

పుస్తకం మళ్లీ తెరవకుండానే గ్రంథాలయంలో ఇచ్చేశాను. కింది అరలో, మిగతా పుస్తకాల వెనక, గోడకు ఆనించి పెట్టాను. ఆ ఏడే నాయన మమ్మల్ని ఆత్మకూరు తీసుకొచ్చేశాడు.

నేనే నిద్రలో రాసి మరిచిపోయానేమో అని ఎన్నోసార్లు ఆలోచించాను. జ్ఞాపకశక్తి గురించి గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. మనిషి తాను చేసినది తనకే తెలియకుండా ఉండొచ్చని వాటిలో ఉంది. కానీ నా చెయ్యి అడ్డగీత లేకుండా హిందీ అక్షరం రాయగలదని నేను నమ్మలేను. ఇప్పటికీ రాయలేదు. ఈమధ్య కూర్చుని ప్రయత్నించాను. చెయ్యి దానంతటదే పైన గీత గీసేస్తుంది.

ఈ ఏడు భాభీ జబ్బున పడిందని కబురొస్తే కొండాపురం వెళ్లాను. మంచం నిండా మనవలు, మనవరాళ్లు. అందరినీ బయటికి పంపింది. నా చెయ్యి పట్టుకున్నది. వేళ్లు చెంచా కాడల్లా ఉన్నాయి.

“పిల్లా, ఒక్క మాట అడుగుతా. దాచబాక. ఆ రోజు ఆ గీత మీద రాసింది నువ్వే గదా?”

ఆమే చెప్పుకుపోయింది.

“నాకు ఆ రోజే తెలుసులే. నేను పోకూడదని నువ్వే రాసినావు. ఆయన రాత మాదిరిగా దించినావు, పాడు పిల్లా. ఆయనే రాసుంటే ఆ గడప దాటేదాన్నా నేను? ఈ ఇల్లు, ఈ పిల్లలు, ఇదంతా ఉండేదా?”

ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. అరవై ఏళ్లు దాటిన నన్ను ఇంకా పిల్లా అంటున్న ఆ మనిషి, నా జవాబు కోసం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నది. ఆమెకు అంతా తెలుసని అనుకుంటే పొరపాటు. తెలిస్తే అడగదు.

“నేనే రాసినాను భాభీ,” అన్నాను. “నువ్వు పోతావని భయమేసి రాసినాను.”

ఊపిరి వదిలింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “అదే అనుకున్నా,” అన్నది. కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది.

దీన్ని రాయడానికి సాయపడినవాళ్లకు నమస్కారాలు చెప్పుకోవాలి. భాభీ పెద్దకొడుకు రహమత్‌కు ముందుగా. నలభయ్యో రోజు అయ్యాక అతనికి మాత్రం అంతా చెప్పాను. “రాయండి పిన్నమ్మా, ఇంక అమ్మకు తెలిసేది లేదు గదా,” అన్నాడు. తర్వాత, “ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుండాది?” అని అడిగాడు. పాత గది కురిసి పుస్తకాలన్నీ పోయాయని తెలిసినా, నా కోసం మూడు రోజులు దుమ్ములో వెతికిన గ్రంథాలయం సుజాతమ్మకు. నా చేతిరాతను ఓపిగ్గా టైపు చేసిన మనవరాలు లాస్యకు. రాసినంతసేపూ వంట పని చూసుకున్న కోడలు పద్మకు. చదివి రెండు చోట్ల తప్పులు దిద్దిన హిందీ టీచరు ఖాదర్‌బీకి. మా అవ్వ సుబ్బమ్మకు. నానీమాకు, ఆమె అసలు పేరు మస్తానమ్మ అని రహమత్ చెప్పేదాకా నాకు తెలియదు.

ఇంకొకరు ఉన్నారు. ఆ గీత మీద రాసినతను. నేను చెప్పిన అబద్ధాన్ని తన చేత్తో నిజం చేసి పెట్టినతను. రాసినదొకటైతే ఇంకొకటి చదివి పెళ్లాం వెళ్లిపోయినా, ఆ తర్వాత ఊరుకున్నతను. అతని పేరు నాకు తెలుసు. లాస్య టైపు చేస్తూ అక్కడ ఆగి, “ఈయన పేరేంది అవ్వా?” అని అడిగింది. చెప్పలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేయమన్నాను. ఆ తర్వాత ఈ కాగితాలను నేను మళ్లీ తిప్పి చూడలేదు.